బెంచీలు నిండిన రోజు

ఆడపిల్లలు కడుపునొప్పి వస్తే కాసేపు ఒరిగే గది సోమవారం పొద్దెక్కేసరికి డేటా సైన్స్ ల్యాబు అయిపోయింది. చేసినవాడు భీంరావే. లోపలున్న చిరుగుల చాపను, పగిలిన బకెట్టును, అద్దం ముక్కను తెచ్చి మెట్ల కింద పడేశాడు. గోడకు పట్టిన చెమ్మ కనపడకుండా చార్టులు అంటించాడు. ఆ చార్టుల్లో ఏముందో ఆయనకు తెలియదు. అంటించమన్నవాళ్లకూ తెలియదు. తలుపు మీద కొత్త బోర్డు అతికించేటప్పుడు మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. ఏడో తరగతి దాటని చదువు, ఇంగ్లీషు మాటను తెలుగులో రాసినా నాలుక తిరగలేదు. కింది అంచు లేచిపోతుంటే గోరుతో నొక్కి, తడిబట్టతో తుడిచి, మళ్లీ నొక్కాడు. పని చెడగొట్టడం ఆయనకు చేతకాదు. దొంగపనైనా సరే, చేతిలోకి వచ్చాక సాఫుగా రావాల్సిందే. ఆ గుణమే తన కొంప ముంచుతున్నదని ఆయనకు ఎప్పటినుంచో అనుమానం.

బాన్సువాడలో ఆ డిగ్రీ కాలేజీని అందరూ బైపాస్ కాలేజీ అనేవాళ్లు. భీంరావు అందులో అటెండర్. అటెండర్ అనేది పేరుకే. నల్లా బాగుచేసేది, బాత్రూములు కడిగేది, ప్రిన్సిపాల్ బండి తుడిచేది, పిల్లల్ని చేర్పించే క్యాన్వాసింగుకు పోయే లెక్చరర్ల వెంట కరపత్రాల సంచి మోసేది అన్నీ ఆయనే.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో కంప్యూటర్లు దిగాయి. అవి ఇదే యాజమాన్యం నడిపే స్కూలువి. చాలావాటికి తెరలే ఉన్నాయి, కింద పెట్టే డబ్బాలు లేవు. భీంరావు ఒక్కొక్కటే ఛాతీకి ఆనించుకుని మోసుకొచ్చి వరసగా పెట్టాడు. దుమ్ము తుడుద్దామని ఒక దాని కవరు లేపబోయాడు.

"కవర్లు తియ్యకు" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ ప్రిన్సిపాల్ సాంబమూర్తి.

"దుమ్మున్నది సార్."

"ఉండనియ్. తీస్తే ఉత్తయని తెలుస్తది."

సిగ్గుపడుతూ చెప్పినా బాగుండేది. చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు.

కిటికీ పక్కన లక్ష్మీకుమారి మేడం ఫోను చూసుకుంటూ ఏదో రాసుకుంటున్నది. బీర్కూర్ దిక్కు కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కోస్తా కుటుంబం ఆమెది. పుట్టింది ఇక్కడే అయినా ఇంటి భాష పోలేదు. నిన్నటిదాకా బీకాం చెప్పేది. ఈ ఏడు బీకాం తీసేశారు. బీఏ పోయిన ఏడే పోయింది. పిల్లలు రావడం లేదని ఉన్నవి తీసేసి, పిల్లలు వస్తారని కొత్తవి పెడుతున్నారు.

"మేడం, గీ కొత్తది మీరే జెప్తరట గద?" అని అడిగాడు భీంరావు.

"చెప్పమన్నారండి. ఫోనులో వీడియోలు చూసి చెప్పమన్నారు."

"మీకు వస్తదా మరి?"

"మీకు కరెంటు పని వచ్చా భీంరావు గారూ? అయినా మొన్న స్తంభం ఎక్కించారుగా. ఇదీ అంతే."

భీంరావు నవ్వాడు. మేడం నవ్వలేదు. ఫోను పక్కన పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

సాయంత్రం సాంబమూర్తి ఆయన్ని తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. భీంరావు కూర్చోలేదు కాని, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"ఎల్లుండి యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తది. కోర్సు ఇయ్యాల్నా వద్దా అని జూస్తరు. బెంచీలు నిండాలె."

"పిల్లలు నిండిండ్రని అన్నరు గద సార్. పోయినేటికి రెట్టింపని పేపర్ల గూడ ఇచ్చిండ్రు."

"పేర్లు నిండినయ్ భీంరావ్. మనుషులు లేరు." సాంబమూర్తి పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "పేర్లు మేం జూస్కుంటం. కూసుండెతందుకు మనుషుల్ని నువ్వు జూడాలె. మీ ఊర్ల ఇంటర్ అయి ఇంటికాడ ఉన్న పోరగాళ్లు లేరా? ఒక్కరోజు. బిర్యానీ పెట్టిస్త."

"అడిగి జూస్త సార్."

"నీ బిడ్డ గూడ ఉన్నది గద. ఆమెను తప్పక తీస్కరా. చక్కగ మాట్లాడుతది. ముంగటి బెంచీల కూసోబెడుదాం."

కూతురు ప్రవళిక సీటు కోసం భీంరావు ఈ గది గుమ్మం పట్టుకుని ఎన్నిసార్లు నిలబడ్డాడో. ఎప్పుడు అడిగినా సాంబమూర్తి చూద్దాం అనేవాడు. ఇప్పుడు తనంతట తానే ఆ పిల్ల మాట ఎత్తాడు.

"ఒక్కరోజుకేనా సార్?"

"ముందుగాల కోర్సు రానియ్యరాదు. వచ్చినంక మొదటి సీటు నీ బిడ్డదే. నేనున్న గద." సాంబమూర్తి లేచి ఆయన భుజం తట్టాడు. "ఇంకో ముచ్చట. ఆన్‌లైన్ల గా దోస్త్ అడ్మిషన్లకు వేరే కాలేజీలు పెట్టుకోనియ్యకు మల్ల. రెండు దిక్కుల పెడితే లొల్లి అయితది. మన దగ్గరనే ఉండనియ్."

భీంరావు సరేనన్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య గంగామణి నాట్ల నుంచి వచ్చి బకెట్టు ముందు కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నది. బురదలో నాని గోళ్లు నల్లబడ్డాయి. పుల్లతో గోటి సందుల్లో బురద తీస్తూ, మొగుడు చెప్పిందంతా తల ఎత్తకుండానే విన్నది.

"కూసుండుడు గూడ పనేనా?" అన్నది. "గట్లయితే నన్ను తీస్కపో. దినమంత వంగి వంగి నడుము ఇరిగింది. బిర్యానీ దిని సాపుకుంట."

"ఎచ్చులొద్దు. బిడ్డ సదువు ముచ్చట ఇది."

"గందుకే అంటున్న. సదువుకు పిలుస్తుండ్రా, సాక్ష్యానికి పిలుస్తుండ్రా?"

ప్రవళిక అప్పుడే బట్టల దుకాణం నుంచి వచ్చింది. చెప్పులు విడిచి గడప మీద కూలబడి మడమలు పిసుక్కుంటున్నది. ఆ దుకాణంలో పొద్దున తలుపు తీసింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. కూర్చుంటే కెమెరాలో చూసి మేనేజర్ పైనుంచి ఫోను చేస్తాడు. అడిగినవాళ్లకల్లా చీర విప్పి చూపడం, వాళ్లు వద్దనగానే మడత పెట్టడం. ఇంటికి వచ్చినా చేతులకు ఆ మడతలే.

"సీటు ఇస్తమంటే ఇస్తరా బాపు?"

"మాటిచ్చిండు."

"మాటనే గదా."

"మరేం జెయ్యమంటవ్? కాయిదం రాపియ్యమంటవా? గాయన పిరిన్సిపాలు, నేను ఊడ్చేటోణ్ని." భీంరావు గొంతు లేచింది. కోపం పిల్ల మీద కాదు. తను లోపల అనుకున్న మాటనే పిల్ల బయట అన్నందుకు.

ప్రవళిక దండెం మీది చున్నీ లాగి ఒళ్లో పరిచి, అంచుకు అంచు కలిపి మడిచింది. "మా దుకాణంల పనిచేసే పిల్ల సర్కారు కాలేజీల పెట్టుకున్నది. ఆఖరి విడత నడుస్తున్నదట. నేను గూడ పెడుదామనుకున్న."

"వద్దన్నడు. రెండు దిక్కుల పెట్టొద్దట."

"గాయనెందుకు వద్దంటుండు?"

"నాకేం ఎర్క? పెద్ద సదువు సదివినోడు, ఏదో ఉంటది."

గంగామణి బకెట్టు నీళ్లు గుమ్మం ముందు గుమ్మరించింది. "పెద్ద సదువు సదివినోళ్లు వద్దన్నదే మంచిదైతది ఒక్కోపారి" అంటూ లోపలికి పోయింది.

అయినా ప్రవళిక వస్తానన్నది. ఎందుకు వస్తానన్నదో భీంరావుకు తెలుసు. డిగ్రీ అనే మాట వినబడితే ఆ పిల్ల మొహం మారుతుంది. ఆ మొహాన్ని చూసే ఆయన ఎవరి ముందైనా చేతులు కట్టుకుంటున్నాడు.

బుధవారం కాలేజీ గేటు ముందు జాతరలా ఉంది. ఊళ్ల నుంచి ఆటోల్లో దిగినవాళ్లు, అదే యాజమాన్యం ఇంటర్ కాలేజీ పిల్లలు, ఎరువుల దుకాణంలో పనిచేసే పోరగాళ్లు. ఒక పిల్లకు చంకలో బిడ్డ ఉంటే, ఆ బిడ్డను వాచ్‌మన్ గదిలో పడుకోబెట్టారు. యూనిఫారాలు మూటల్లో వచ్చాయి. ఎవరికి ఏది సరిపోతే అది. ప్రవళికకు దొరికింది ఒదులైంది. లక్ష్మీకుమారి మేడం వెనక నిలబడి పిన్నీసులు పెట్టి బిగించింది. ముందు నుంచి చూస్తే కొలతకు కుట్టించినట్టుంది. వీపు వెనక వరసగా పిన్నీసులు.

"కదలకుండా కూర్చోమ్మా. గుచ్చుకుంటాయి" అన్నది మేడం.

సాంబమూర్తి ఒక గుర్తింపు కార్డు తెచ్చి ఆ పిల్ల మెడలో వేశాడు. "ఇయ్యాల నీ పేరు రాజశ్రీ. ఎవలడిగినా గదే."

"రాజశ్రీ ఎవలు సార్?"

"ఉన్నది ఒకామె."

ఆ రాజశ్రీ ఎక్కడుందో సాంబమూర్తికీ తెలియదు. ఎండాకాలంలో ఏ ఊళ్లోనో లెక్చరర్లు ఇంటింటికి తిరుగుతూ, దోస్త్‌లో దరఖాస్తు నింపి ఆ పిల్ల ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగారు. సార్లు అడిగితే చెప్పకుండా ఎట్లా ఉంటారు? చెప్పింది. ఆ పూట ఆమె ఈ కాలేజీలో చేరిపోయింది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలిసిందో లేదో. ఆ ఊరికి కరపత్రాల సంచి మోసినవాడూ భీంరావే. అప్పుడు గడప అవతల నిలబడి మజ్జిగ తాగాడు. ఇప్పుడు ఆ పేరు తన బిడ్డ మెడలో వేలాడుతుంటే గానీ దాని బరువు తెలియలేదు.

కమిటీలో ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడామె. మగవాళ్లు కాలేజీ నడిపే కరస్పాండెంట్ గదిలో ఏసీ కింద కూర్చున్నారు. జీడిపప్పు ప్లేట్లు పోతున్నాయి, ఖాళీ అయి వస్తున్నాయి. కమిటీ మేడం ఒక్కతే గదులన్నీ తిరిగింది. కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్న పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ల్యాబులోకి వచ్చి కూర్చున్నది. వెనకాలే సాంబమూర్తి వచ్చాడు.

చాయ్ తెమ్మని భీంరావుకు సైగ అయింది.

ఇత్తడి పళ్లెం నిండా కప్పులు పెట్టుకుని వచ్చాడు. వానాకాలం నీళ్లు లోపలికి రాకుండా ఆ గది గడపను పోయిన ఏడు సిమెంటుతో ఎత్తు చేశారు. చేసింది ఆయనే, ఆ ఎత్తు ఆయనకు కళ్లు మూసుకున్నా తెలియాలి. కానీ లోపల మొదటి బెంచీలో తెల్ల యూనిఫారంలో, ఎత్తి కట్టిన రెండు జడలతో కూర్చున్న తన బిడ్డను చూశాడు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నది. అచ్చం చదువుకునే పిల్లలాగే ఉంది. కాలు గడపకు తగిలింది.

పళ్లెం ఒరిగింది. కప్పులు ఒక పక్కకు జారాయి.

ప్రవళిక లేచి వచ్చేసింది. ఒక చేత్తో పళ్లెం అందుకుని, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పైలం బాపు" అన్నది.

అన్నాక గాని ఏమన్నదో ఆ పిల్లకు తెలియలేదు. ఏ విద్యార్థీ అటెండరు చేతిలోంచి పళ్లెం అందుకోదు. బిడ్డ తప్ప.

మేడం కళ్లజోడు పెట్టుకుంది. "ఈయన మీ నాన్నగారా?"

ప్రవళిక తండ్రి వంక చూసింది. భీంరావు నేల మీద ఒలికిన చాయ్ చూస్తున్నాడు.

"అవును మేడం" అన్నాడు సాంబమూర్తి. ఒక్క క్షణంలో ఆయన మాటతీరు మారిపోయింది, పుస్తకం చదువుతున్నట్టు. "మా అటెండర్ కుమార్తే. పేద కుటుంబం. మేనేజ్‌మెంట్ వారు ఉచితంగా చదివిస్తున్నారు. ఇలాంటి పిల్లల కోసమే ఈ కొత్త కోర్సులు మేడం."

మేడం మొహం మెత్తబడింది. ప్రవళికను దగ్గరికి పిలిచి కార్డు చేతిలోకి తీసుకుని చదివింది. "రాజశ్రీ. చక్కని పేరు." భీంరావు వైపు తిరిగింది. "మీరే పెట్టారా?"

భీంరావు నోరు తెరిచాడు. ఎదురుగా సాంబమూర్తి నిలబడ్డాడు. ఆ వెనక కవర్లు కప్పుకున్న ఉత్త తెరలు. మొదటి సీటు నీ బిడ్డదే అన్న మాట చెవిలోనే ఉంది.

"అవును మేడం" అన్నాడు.

ప్రవళిక మళ్లీ ఆయన వంక చూడలేదు. పళ్లెం పట్టుకుని తనే అందరికీ చాయ్ ఇవ్వడం మొదలుపెట్టింది. మేడం కప్పు అందుకుంటూ, "డేటా సైన్స్ ఎందుకు తీసుకోవాలనుకున్నావమ్మా?" అని అడిగింది.

"సదువుకుందామని మేడం."

ఆ జవాబు మేడంకు తెగ నచ్చింది. ఫోటో తీయమన్నది. ఆఫీసు కంప్యూటర్ ఆపరేటరు తన ఫోను ఎత్తిపట్టాడు. భీంరావు బిడ్డ పక్కన నిలబడబోతే, "నువ్వు జర పక్కకు జరుగు" అన్నాడు సాంబమూర్తి. ఆయన జరిగాడు. ఫోటోలో ప్రవళిక, కప్పిన కంప్యూటరు, గోడ మీద చార్టు పడ్డాయి.

పొద్దుగూకే వేళకు యూనిఫారాలు మూటల్లోకి వెళ్లిపోయాయి. బిర్యానీ పొట్లం ప్రవళిక ముట్టుకోలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే, వీపు వెనక గుచ్చుకున్న చోట గోకుతూ బయటికే చూస్తూ కూర్చున్నది. భీంరావు ఏదైనా అంటుందేమో అని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"నేను గట్ల అనకపోతే సీటు పోతుండె బిడ్డా" అన్నాడు చివరికి.

"నేనేమన్న అన్ననా?" అన్నది.

కోర్సు వచ్చింది. శుక్రవారం కాలేజీలో లడ్డూలు పంచారు. పంచినవాడు భీంరావే. అందరికీ ఇచ్చి, ఖాళీ డబ్బా పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి పోయాడు.

"సార్, మా పిల్లది."

"ఏంది?"

"సీటు."

సాంబమూర్తి కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "ఇంటర్ల ఏం సదివింది?" అన్నాడు.

"సీఈసీ సార్. మీకు ఎర్కే గద."

"గదే మల్ల. దీనికి ఇంటర్ల లెక్కలు ఉండాలె. యూనివర్సిటీ రూలు. నేనేం జేస్త?"

భీంరావు డబ్బా మూత పెట్టాడు. "మొన్న కూసున్ననాడు లెక్కలు అక్కెర పడలేదా సార్?"

"కూసుండుడు వేరు భీంరావ్, సదువుడు వేరు."

ఆ మాట అనడానికి సాంబమూర్తి ఏమాత్రం తడబడలేదు. సంతకం పెడుతూ అన్నాడు, సంతకం కూడా వంకరపోలేదు. భీంరావుకు ఆ బల్లను, ఆ కాగితాలను, ఆ పెన్ను మూతను ఒక్క తన్ను తన్నాలనిపించింది. తన్నలేదు. ఈ దేశంలో తన్నాలనిపించినవాళ్లందరూ తన్నితే ఒక్క బల్ల మిగలదు.

"మీకు ముందుగాలనే ఎర్కనా సార్ గిది?"

"ఎర్కే. ఐతే ఏంది? కోర్సు రావాలె గద ముందు. కోర్సు వస్తేనే కాలేజీ, కాలేజీ ఉంటేనే నీ నౌకరి."

"బీకాంల ఇయ్యుండ్రి. గది సీఈసీ సదివినోళ్లకు ఉంటది గద."

"బీకాం యాడున్నది? తీసేస్తిమి గద. ఫికర్ జెయ్యకు, వచ్చే యేడు ఏదో ఒకటి కొత్తది పెడుతం." సాంబమూర్తి ఇప్పుడు తల ఎత్తి నవ్వాడు. "నీ బిడ్డను ఉత్తగ ఇడిసిపెట్టలేదు లే. వరండాల జూడు పో. బస్టాండుకాడ ఒకటి కట్టిచ్చిన. గిది రేపు పొద్దుగాల గేటు మీద కట్టు."

వరండాలో ఫ్లెక్సీ చుట్ట ఉంది. భీంరావు మోకాళ్ల మీద కూర్చుని కొంచెం కొంచెంగా పరిచాడు. మొదట రంగురంగుల అక్షరాలు వచ్చాయి, తర్వాత కరస్పాండెంట్ దండం పెడుతూ వచ్చాడు, ఆ తర్వాత చాటంత మొహంతో ప్రవళిక. యూనిఫారం, రెండు జడలు. ఏవో రంగులు పూసి పిల్లను తెల్లగా చేశారు. వెనక కప్పిన కంప్యూటరు బదులు అద్దాల మేడలు పెట్టారు. మొహం పక్కన రాసింది ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. "అటెండర్ కూతురు నుండి డేటా సైంటిస్ట్ దాకా. మా రాజశ్రీ. రేపు మీ పిల్లలు." కింద, విద్యార్థుల సంఖ్య రెట్టింపు అని, కొత్త కోర్సుల పేర్లు.

అటు దాటిపోతున్న పోరగాడొకడు ఫ్లెక్సీ మీద అడుగు వెయ్యబోతే, భీంరావు వాడి కాలు చేత్తో పట్టుకుని ఆపాడు. వాడు బెదిరిపోయి పక్కనుంచి పోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సీటు లేదని చెప్పాడు. ఫ్లెక్సీ మాట చెప్పలేదు. గంగామణి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. మళ్లీ వెళ్లి కూర్చుని కట్టెలు ఎగదోసింది. ప్రవళిక అన్నం కంచంలో చెయ్యి కడుక్కుంది.

శనివారం సన్నగా జల్లు పడుతున్నది. భీంరావు గేటుకు నిచ్చెన వేసి ఫ్లెక్సీ చుట్ట భుజాన పెట్టుకుని ఎక్కాడు. ఎక్కనని అనొచ్చు. అనడానికి నోరు రాలేదు, ఎక్కడానికి కాళ్లు వచ్చాయి. నౌకరి అంటే అంతే, మనిషి కన్నా ముందు ఒళ్లు ఒప్పుకుంటుంది. ఒక మూలకు తాడు దూర్చి ఇనుప కమ్మీకి బిగించాడు. గాలికి ఊగకుండా రెండు చుట్లు తిప్పి ముడివేశాడు. ఇంకో మూల కట్టాడు. కింద మూల వంగి కడుతుంటే బిడ్డ చెంప ఆయన చేతికి తగిలింది, తడిగా, చల్లగా.

"అన్నా."

కింద ఒక మనిషి నిలబడ్డాడు. తల మీద తువ్వాలు, మోకాళ్ల పైకి కట్టిన ధోతి. పక్కన గొడుగు పట్టుకుని ఒక పిల్ల, ఛాతీకి అదుముకుని ప్లాస్టిక్ సంచి. నిజాంసాగర్ దిక్కు తండా నుంచి వచ్చామన్నాడు. తన పేరు తావుర్యా అని, పిల్ల చాంద్రి అని చెప్పాడు.

"బస్టాండుకాడ గీ బొమ్మ జూసి దిగినం అన్నా. మా చాంద్రి సదువుకు బోధన్ పోత అంటున్నది. అటెండర్ బిడ్డ అని రాసున్నదట, చాంద్రియే సదివి జెప్పింది. కూలోళ్ల బిడ్డలకు గూడ ఈడ కదర్, ఇలువ ఉన్నదని వచ్చినం. నిజమేనా?"

భీంరావు చేతిలో ఆఖరి మూల తాడు ఉంది. దాన్ని చుట్టాడు, విప్పాడు. "లోపల అడుగుండ్రి" అన్నాడు.

"లోపలోళ్లు మంచిగనే జెప్తరు. నువ్వు జెప్పు. మన లెక్క పనిజేసుకునేటోనివి."

అంతలో ప్రవళిక వచ్చింది. దుకాణం వాళ్లు పిల్లలందరికీ ఇచ్చిన ఒకే రంగు చీరలో, కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, గొడుగు లేకుండా, గబగబా. గేటు ముందు ఆగిపోయి పైకి చూసింది. తన మొహం తనకన్నా పెద్దగా ఊగుతున్నది. చాలాసేపు చూసింది.

చాంద్రి ఒకసారి పైకి, ఒకసారి పక్కకు చూసి, "అక్కా, నువ్వే గదా? రాజశ్రీ?" అన్నది.

"పొద్దటి సంది దుకాణంల గూడ గట్లనే పిలుస్తుండ్రు" అన్నది ప్రవళిక. "నా పేరు ప్రవళిక. గా నిచ్చెన మీద ఉన్నది మా బాపు. నేనీడ సదువుతలేను. మొన్న ఒక్కరోజు గా బెంచీల కూసున్న. యూనిఫాం గూడ నాది గాదు."

"మరి గీ రాసింది?"

"రాసిండ్రు."

తావుర్యా ప్రవళిక మాట విని, మెల్లగా తల ఎత్తి నిచ్చెన మీదికి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అర్థం కాక అడిగాడు. "గామె నీ బిడ్డనే గదా అన్నా. మరి నువ్వే కడుతున్నవ్?"

భీంరావు ఏడాది పొడుగునా ఎంతమంది ఎన్ని మాటలన్నా పడ్డాడు. సాంబమూర్తి నవ్వు కూడా మింగాడు. ఈ మనిషి అడిగింది మాత్రం గొంతు దిగలేదు.

"బాపు" అన్నది ప్రవళిక కిందినుంచి. "లక్ష్మీకుమారి మేడం నిన్న దుకాణానికి వచ్చింది. సర్కారు కాలేజీల బీకాం ఉన్నదట. ఇయ్యాలనే ఆఖరు. గీ సారు అన్నీ ఎర్కుండే నన్ను గాడ పెట్టుకోవద్దన్నడని జెప్పింది. నేను పర్మిషన్ అడిగి వచ్చిన. నువ్వొస్తవా, నేనొక్కదాన్నే పోవాల్నా?"

"నాది బైపీసీ అక్కా" అన్నది చాంద్రి. "నాకు గూడ ఉంటదా గాడ?"

"పోయి అడుగుదాం. ఓటీపీ మాత్రం ఎవలకు జెప్పకు. నీ ఫోను నువ్వే పట్టుకో."

వరండాలోంచి సాంబమూర్తి చూశాడు. గేటు దగ్గర సంచితో నిలబడ్డ పిల్ల కనపడగానే ఆయన మొహం వెలిగింది. "భీంరావ్, వాళ్లను వానల నిలబెట్టినవేంది? లోపలికి తోల్కరా" అని కేకేశాడు.

భీంరావు కిందికి వంగాడు. "అన్నా, జర నిచ్చెన గట్టిగ పట్టుకో."

తావుర్యా రెండు చేతులతో పట్టుకున్నాడు. భీంరావు కింద మూల విప్పాడు. పై మూలకు చెయ్యి చాపాడు. తడికి బిగుసుకుపోయి ముడి రాలేదు. గోళ్లతో పీకాడు, పంటితో పట్టి లాగాడు. చిగుళ్లు చీరుకుపోయి నోట్లో ఉప్పగా తగిలింది. ఊడింది. ప్రవళిక మొహం సగానికి వంగి ఆయన భుజం మీద పడింది. ఇంకో ముడి దగ్గరికి జరిగాడు.

సాంబమూర్తి గొడుగు తెరుచుకోకుండానే పరుగున వచ్చాడు. "ఏం జేస్తున్నవ్‌రా? కట్టమంటే ఇప్పుతున్నవేంది? నౌకరి ఉండాల్నా, వద్దా?"

భీంరావు చివరి తాడు లాగి, ఫ్లెక్సీని భుజాన వేసుకుని ఒక్కో మెట్టే దిగాడు. తడి నేల మీద పరవలేదు. ప్రవళికకు ఒక కొస అందించాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మడిచారు. ఆ పిల్ల చేతులకు అలవాటే, అంచుకు అంచు కలిపి, గాలి పోయేలా అరచేత్తో ఒత్తి, మొహం లోపలికి వచ్చేట్టు మడత పెట్టింది. తావుర్యా ఇంకా నిచ్చెన వదల్లేదు. దాని మీద ఎవరూ లేరని మరిచిపోయాడు.

"నిన్నే అడుగుతున్న. కాలేజీ సామాను యాడికి తీస్కపోతున్నవ్?"

"ఇది నా బిడ్డ సార్" అన్నాడు భీంరావు, మడతను చంకలో పెట్టుకుంటూ. "ఇంటికి తీస్కపోతున్న."

సాంబమూర్తి ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నలుగురూ రోడ్డెక్కారు. షేర్ ఆటో ఒకటి అటుగా వస్తుంటే చాంద్రి చెయ్యి ఎత్తి ఆపింది.

"బస్టాండుకాడ ఇంకొకటున్నది బాపు" అన్నది ప్రవళిక.

"దోవలనే గదా" అన్నాడు.